వీధి మూల కోసిన ఇంజనీరు

గూగుల్ మ్యాప్స్‌లో బార్సిలోనా తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి కాస్త జూమ్ చేయండి. మెస్సీ ఆడిన స్టేడియం తర్వాత చూద్దురు గాని, ముందు ఊరి మధ్యలోకి రండి. చతురస్రాలు వరసగా కనిపిస్తాయి, ఎటు జరిపినా అవే చతురస్రాలు. ఇంకాస్త దగ్గరికెళ్తే ఒక విషయం తెలుస్తుంది. ఒక్క చతురస్రానికి కూడా మూల లేదు. నాలుగు మూలలూ ఎవరో కత్తిరించేసినట్టు ఏటవాలుగా ఉంటాయి. ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో చాంఫర్ అని నేర్చుకున్నాం కదా, అదే. ఆ పని ఒక్క బ్లాకుకి కాదు, ఊరు ఊరంతటికీ చేశాడు ఒక సివిల్ ఇంజనీరు. పేరు ఇల్డెఫోన్స్ సెర్దా.

సివిల్ బ్రాంచ్ వాళ్లకి ఈ పేరు ఎక్కడో తగిలి ఉండొచ్చు. మిగతావాళ్లకి తెలిసే అవకాశం తక్కువ. కానీ ఆయన వాడుకలోకి తెచ్చిన ఒక మాట మాత్రం మనందరం స్కూల్లో సోషల్ పరీక్షకి బట్టీ పట్టినదే. దాని సంగతి తర్వాత చెప్తాను.

సెర్దా 1815 డిసెంబర్ 23న పుట్టాడు. స్పెయిన్ దేశంలో కాటలోనియా అనే ప్రాంతం, అందులో సెంతెయెస్ అనే ఊరు, ఆ ఊరి పక్కన పొలాల మధ్య పెద్ద ఇల్లు. పాతకాలపు భూస్వాముల కుటుంబం. అక్కడి ఆచారం ప్రకారం ఆస్తి అన్నదమ్ములు పంచుకోరు, మొత్తం పెద్దకొడుక్కే వెళ్తుంది. సెర్దా పెద్దకొడుకు కాదు. అంటే చదువుకుని తన బతుకు తాను చూసుకోవాల్సిన పిల్లాడన్నమాట. ముందు దగ్గర్లోని విక్ అనే పట్టణంలో సెమినరీలో వేశారు. అక్కడ లాటిన్, తత్వశాస్త్రం చదివాడు. తర్వాత బార్సిలోనా వెళ్లి లెక్కలు, ఆర్కిటెక్చర్ మొదలుపెట్టాడు. అదీ నిలవలేదు. 1835లో మాడ్రిడ్‌లోని ఇంజనీరింగ్ స్కూల్లో చేరాడు. రోడ్లు, కాలువలు, ఓడరేవులు కట్టేవాళ్లని తయారుచేసే స్కూలు అది. 1841లో పట్టా పుచ్చుకుని ప్రభుత్వ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరాడు. స్పెయిన్‌లో చాలా చోట్ల రోడ్ల పనుల మీద తిరిగాడు.

1844లో ఫ్రాన్స్‌లోని నీమ్ నగరానికి వెళ్లినప్పుడు మొదటిసారి ఆవిరి రైలు వ్యవస్థని దగ్గర నుంచి చూశాడు. అప్పటికి స్పెయిన్‌లో రైలు లేదు. అందరూ ఇంజన్ని చూసి ఆశ్చర్యపోయే కాలం అది. సెర్దాకి మాత్రం ఇంజన్ కంటే అందులోంచి దిగుతున్న జనం ఎక్కువ ఆశ్చర్యంగా కనిపించారు. ఒక ఊరి జనం అంతా కదిలినట్టు ఒకేసారి అంతమంది వచ్చి దిగుతున్నారు. వీళ్లందరూ స్టేషన్ దాటి ఊళ్లోకి వెళ్తే అక్కడ ఎలాంటి వీధులున్నాయి? గాడిదలూ, చేతిబండ్లూ నడవడానికి వేసిన సందులు. ప్రయాణం చేసే పద్ధతి మారిపోయింది, ఊరు మాత్రం అలాగే ఉంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి కుదరవని ఆయనకి అర్థమైంది. ఆ తర్వాత జీవితమంతా ఆ ఒక్క సమస్య మీదే గడిపేశాడు.

ఇక్కడ బార్సిలోనా పరిస్థితి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు.

అది సముద్రపు ఒడ్డున ఉన్న పాత రేవు పట్టణం. చుట్టూ కోటగోడ. 1714లో స్పెయిన్ రాజు సైన్యం ఈ ఊరిని ముట్టడించి గెలిచింది. గెలిచాక ఊరి మీద నమ్మకం లేక, ఊరి పక్కనే ఒక పెద్ద సైనిక దుర్గం కట్టింది. దానికోసం ఒక పేటలో బోలెడన్ని ఇళ్లు కూలగొట్టింది. ఆ దుర్గంలోని ఫిరంగులు శత్రువుల వైపే కాదు, ఊరివైపు కూడా తిరుగుతాయని జనానికి బాగా తెలుసు. 1842లో కొండమీది ఇంకో కోట నుంచి ప్రభుత్వమే నిజంగా ఈ ఊరి మీద గుండ్లు కురిపించింది.

కోటగోడ బయట ఫిరంగి గుండు వెళ్లేంత దూరం వరకూ ఇల్లు కట్టకూడదని నిబంధన. గోడ బయట బోలెడంత ఖాళీ మైదానం, లోపల ఇసకేస్తే రాలనంత జనం. ఇంతలో బట్టల మిల్లులు వచ్చాయి. మిల్లుల్లో పనికోసం పల్లెల నుంచి జనం వచ్చారు. ఊరు పక్కకి పెరిగే దారి లేదు కాబట్టి పైకి పెరిగింది. ఉన్న ఇంటిమీదే ఇంకో అంతస్తు, దానిమీద మరొకటి. వీధి మీదికి గదులు ముందుకు తోశారు. చాలా వీధుల వెడల్పు 3 మీటర్లు కూడా ఉండేది కాదు. 1850ల నాటికి ఆ గోడల మధ్య దాదాపు 1,87,000 మంది ఉండేవాళ్లు. హెక్టారుకి 850 మందికి పైగా అన్నమాట. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. మన కాలేజీ గ్రౌండ్ లాంటి స్థలంలో 850 మంది వంట, నిద్ర, మురుగు, రోగం, అన్నీ. ఆ కాలంలో యూరప్‌లోకెల్లా బాగా ఇరుకైన నగరాల్లో అదొకటి.

ఇంత ఇరుకులో రోగం వస్తే ఏమవుతుందో మన తరానికి వేరే చెప్పక్కర్లేదు. కలరా మళ్లీ మళ్లీ వచ్చింది. 1854లో వచ్చినప్పుడు వేల మంది పోయారు. గోడలు పడగొట్టాలని డాక్టర్లు, పత్రికలు, మిల్లు యజమానులు, కూలీలు అందరూ అడిగారు. ఇన్నేళ్ల తర్వాత ఆ 1854లోనే మాడ్రిడ్ ప్రభుత్వం ఒప్పుకుంది. జనమే గునపాలు పట్టుకుని గోడ పడగొట్టడం మొదలుపెట్టారు.

ఈ లోపు సెర్దా ఇంట్లో పరిస్థితులు మారిపోయాయి. తండ్రి పోయాడు, అన్నలూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. 1848 నాటికి ఆస్తి మొత్తం ఆయనకే వచ్చింది. అదే ఏడాది ఒక బ్యాంకర్ కూతురు క్లోతిల్దే బోస్క్‌ని పెళ్లి చేసుకున్నాడు. 33 ఏళ్ల వయసు, ప్రభుత్వ ఉద్యోగం, భూములు, డబ్బున్న మామగారు. ఇంకెవరైనా అయితే హాయిగా కాలుమీద కాలేసుకుని బతికేవాళ్లు. ఆయన 1849లో ఉద్యోగానికి రాజీనామా చేశాడు. నగరాలు ఎలా కట్టాలి అనే విషయం మీద పనిచేయాలి, దానికి ఉద్యోగం అడ్డం, ఖర్చుకి ఆస్తి ఉంది. ఇదీ ఆయన లెక్క. ఇప్పటి భాషలో చెప్పాలంటే సేఫ్ జాబ్ వదిలేసి సొంత డబ్బుతో స్టార్టప్ పెట్టినట్టు. తేడా ఏంటంటే దీనిలో లాభం వస్తుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు, బార్సిలోనా నగర కౌన్సిల్లోనూ పనిచేశాడు. రాజకీయంగా ఉదారవాదుల వైపు, పేదవాళ్ల వైపు. కానీ ఆయన పేదరికం గురించి ఉపన్యాసాలు ఇచ్చి ఊరుకోలేదు. డేటా సేకరించాడు.

1855లో గోడల బయటి మైదానం మొత్తాన్ని సర్వే చేసి కాంటూర్లతో సహా మ్యాప్ గీశాడు. ఎక్కడ వాగు ఉంది, ఎక్కడ మెరక, నీళ్లు ఎటు పారతాయి, అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత, నా దృష్టిలో ఇంకా గొప్ప పని, 1856లో బార్సిలోనా కార్మికుల జీవితం మీద ఒక గణాంక పరిశీలన తయారుచేశాడు. ఒక్కో వృత్తిలో ఎంతమంది ఉన్నారు, కూలీ ఎంత, ఏడాదిలో పని దొరికేది ఎన్ని రోజులు, అద్దెకి ఎంత పోతుంది, తిండికి ఎంత, బట్టలకి ఎంత, చివరికి ఏం మిగులుతుంది. చాలా ఇళ్లలో చివరి గడిలో మిగిలేది అప్పే. ఇంకో పక్క చావుల లెక్కలు తీశాడు. ఏ వీధిలో ఎంతమంది, ఏ అంతస్తులో ఎంతమంది, ఏ వర్గం వాళ్లు సగటున ఎన్నేళ్లు బతుకుతున్నారు.

ఒకే ఊళ్లో, ఒకే గోడల మధ్య, డబ్బున్నవాడి ఆయుష్షుకీ కూలివాడి ఆయుష్షుకీ మధ్య చాలా పెద్ద తేడా ఉందని ఆ లెక్కల్లో బయటపడింది. గాలి, వెలుతురు తక్కువున్న ఇళ్లలో చావులు ఎక్కువ. అప్పటివరకూ పేదవాడు త్వరగా చనిపోతే అది వాడి కర్మ, లేదా వాడి అలవాట్లు అనుకునేవాళ్లు. సెర్దా లెక్కలు చూస్తే అందులో కట్టడాల తప్పు ఉంది. వీధి వెడల్పు, గది ఎత్తు, కిటికీ ఎటు తిరిగి ఉంది, ఇవి మనిషి ఎన్నేళ్లు బతుకుతాడో నిర్ణయిస్తున్నాయి. సూక్ష్మజీవుల సిద్ధాంతం ఇంకా స్థిరపడని రోజులు అవి. ఆయన కూడా అందరిలాగే చెడుగాలి వల్లే రోగం వస్తుందని నమ్మాడు. కారణం సరిగ్గా తెలియకపోయినా, అంకెలు ఎటు చూపిస్తున్నాయో అటే నడిచాడు.

1859 ఫిబ్రవరిలో మాడ్రిడ్ ప్రభుత్వం ఆయనకి నగర విస్తరణ ప్లాన్ గీయడానికి అనుమతి ఇచ్చింది. ఏళ్ల తరబడి చేసిన హోంవర్క్ ఉంది కాబట్టి రెండు మూడు నెలల్లోనే ఇచ్చేశాడు. 1859 జూన్ 7న ప్రభుత్వం దాన్ని ఆమోదించింది.

ఆ ప్లాన్ ఏంటో ఇప్పుడు చూద్దాం. సీఎస్ఈ వాళ్లకి ఇది చాలా నచ్చుతుంది.

బేసిక్ యూనిట్ ఒక బ్లాక్. దాని భుజం 113.3 మీటర్లు. మామూలు వీధి వెడల్పు 20 మీటర్లు. ఇదేం నంబర్ అనిపిస్తుంది కదా? కూడి చూడండి. 113.3కి 20 కలిపితే 133.3. అలాంటివి మూడు పక్కపక్కన పెడితే సరిగ్గా 400 మీటర్లు. వీధిలో సగం, అంటే 10 మీటర్లు, నడిచేవాళ్లకి. సగం బండ్లకి. కాలిబాట మీద చెట్ల వరస. కొన్ని ముఖ్యమైన దారులు ఇంకా వెడల్పు. ఊరిని ఏటవాలుగా కోసుకుంటూ పోయే డయాగనల్ అనే రోడ్డు ఇప్పటికీ అదే పేరుతో ఉంది.

ఈ బ్లాకులు ఉత్తరం దక్షిణం దిక్కులకి సమాంతరంగా ఉండవు. 45 డిగ్రీలకి దగ్గరగా తిప్పి ఉంటాయి. మూలలు దిక్కుల వైపు చూస్తాయి. దానివల్ల బ్లాకుకి ఏ పక్క ఇల్లున్నా రోజులో ఏదో ఒక సమయంలో ఎండ పడుతుంది. పూర్తిగా చీకటి పక్క అనేది ఎవరికీ రాదు. చావుల లెక్కలు తీసిన మనిషి కాబట్టే ఎండని కూడా సమానంగా పంచాడు.

ఇక మూలలు. మూల కోసేస్తే వీధులు కలిసే ప్రతిచోటా ఎనిమిది భుజాల చిన్న మైదానం ఏర్పడుతుంది. ఒక్కో కోత సుమారు 20 మీటర్లు. ఎందుకలా? రైలు చూసి వచ్చాడు కదా. ఏదో ఒకరోజు వీధుల్లోనే ఆవిరితో నడిచే యంత్రాలు తిరుగుతాయని, అవి మలుపు తిరగడానికి చోటు కావాలని, ఎదురుగా వచ్చేది కనిపించాలని ఆయన ఊహ. కారు పుట్టడానికి పాతికేళ్లకి పైగా ముందు మాట ఇది. గుర్రపు బండ్ల కాలంలో కూర్చుని ఇంకా రాని బండికి టర్నింగ్ రేడియస్ వదిలిపెట్టాడు.

అసలైన విషయం బ్లాకు లోపల ఉంది. ఒక్కో బ్లాకులో రెండు పక్కల మాత్రమే ఇళ్లు కట్టాలి. ఎత్తు 16 మీటర్లు దాటకూడదు. మిగతాదంతా తోట, అందరికీ తెరిచి ఉండాలి. ఊళ్లో ఉన్నవాడికి పల్లెలోని గాలీ పచ్చదనం, పల్లెలో ఉన్నవాడికి ఊళ్లోని సౌకర్యాలు అందాలన్నది ఆయన ఆలోచన.

పైన ఇంకో లేయర్ ఉంది. 25 బ్లాకులు కలిస్తే ఒక పేట, దానికి ఒక బడి, ఒక చర్చి. అలాంటి పేటలు నాలుగు కలిస్తే, అంటే 100 బ్లాకులకి, ఒక మార్కెట్. 400 బ్లాకులకి ఒక ఆసుపత్రి, పెద్ద పార్కు. మనం డేటా స్ట్రక్చర్స్‌లో ట్రీ గీస్తాం చూడండి, ఒక్కో నోడ్‌కి నాలుగు పిల్లలు, దాదాపు అలాగే. ఇందులో ధనికుల పేట, పేదల పేట అని విడిగా లేవు. అందరికీ అదే వీధి, అదే బ్లాకు, బడి అంతే దూరం. ఊరు ఎంత పెరిగితే ఈ లెక్కని అంత దూరం పొడిగించుకుంటూ పోవచ్చు. పాత ఊరి నుంచి చుట్టుపక్కల ఉన్న గ్రాసియా, సాన్స్ లాంటి ఊళ్ల వరకూ, ఒకవైపు కొండలు, ఇంకోవైపు సముద్రం, మొత్తం మైదానాన్ని ఈ అల్లికతో కప్పేశాడు. పాత నగరానికి చాలా రెట్లు పెద్దది. అంత జనం ఎప్పటికి వస్తారని అప్పట్లో చాలామంది నవ్వారు.

నవ్వుతోనే ఆగితే బాగుండేది. ఊళ్లో పెద్దలకి ఈ ప్లాన్ అస్సలు నచ్చలేదు. కారణాలు చాలానే ఉన్నాయి, అన్నీ చెడ్డవి కూడా కాదు. మా ఊరి ప్లాన్ మాడ్రిడ్ వాళ్లెవరు నిర్ణయించడానికి అనేది ఒకటి. నగర పాలక సంస్థ అప్పటికే సొంతంగా పోటీ ప్రకటించింది. 1859 అక్టోబరులో ఆ పోటీలో ఆంతోని రోవిరా అనే ఆర్కిటెక్ట్ గెలిచాడు. ఆయన ప్లాన్ విసనకర్రలా ఉంటుంది, పాత ఊరు మధ్యలో, దాని చుట్టూ కొత్త పేటలు విచ్చుకుంటాయి. మధ్యలో గొప్ప కూడలి. చూడ్డానికి అందంగా ఉంటుంది, ఊరి పెద్దలకి వాళ్ల పాత గౌరవం అలాగే ఉంటుంది. ఆర్కిటెక్టులు చేయాల్సిన పనిలోకి ఒక ఇంజనీరు వచ్చాడనే కోపం ఇంకోటి. చివరికి 1860 మే నెలలో రాజశాసనం వచ్చింది, సెర్దా ప్లానే అమలు చేయాలని. ఆ ఏడాదే రాణి రెండో ఇసబెల్ వచ్చి శంకుస్థాపన చేసింది. ఈ కొత్త ప్రాంతానికి ఎషాంప్ల అని పేరు. కాటలాన్ భాషలో విస్తరణ అని అర్థం.

అలా సెర్దా గెలిచాడు, కానీ ఊరి మనసులో ఓడిపోయాడు. బార్సిలోనా వాళ్లకి ఆయన తమలో పుట్టినవాడే అయినా, పైనుంచి రుద్దిన ప్లాన్ తెచ్చిన మనిషిగానే మిగిలిపోయాడు.

తర్వాత జరిగింది చూస్తే బాధేస్తుంది. ప్లాన్‌లో గీతలు మారలేదు. వీధులు గీసినచోటే వచ్చాయి, మూలలు కోసే కట్టారు. కానీ లోపలి తోట? భూమి యజమాని వైపు నుంచి ఆలోచించండి. బ్లాకులో సగానికి పైగా ఖాళీగా వదిలేయమంటే ఆ ఖాళీ వల్ల లాభం వీధిలో అందరికీ, నష్టం ఆయనకి ఒక్కడికే. కాబట్టి ముందు మూడో పక్క కట్టారు. తర్వాత నాలుగో పక్క. ఆ తర్వాత ఎత్తు పెంచారు. తోట ఉండాల్సిన చోట వర్క్‌షాపులు, గోడౌన్లు వచ్చాయి. నగర పాలక సంస్థ చూసీ చూడనట్టు ఊరుకుంది, నిబంధనలు కూడా కాలక్రమంలో సడలిస్తూ పోయింది. మన భాషలో చెప్పాలంటే, సెర్దా రూల్ డాక్యుమెంటేషన్‌లో రాశాడు, కోడ్‌లో చెక్ పెట్టే అధికారం ఆయన చేతిలో లేదు. వీధులు ప్రభుత్వ స్థలం కాబట్టి మిగిలాయి. తోటలు ప్రైవేటు స్థలం కాబట్టి పోయాయి.

ఆయన ఇది ముందే ఊహించలేదని కాదు. భూమి సమస్య మీద కూడా విడిగా పనిచేశాడు. మైదానంలో పొలాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. మీద కొత్త వీధి గీస్తే ఒకడి పొలం మొత్తం పోతుంది, పక్కవాడికి రోడ్డు పక్క స్థలం ఊరికే దొరుకుతుంది. అందుకని పొలాలన్నీ ఒకచోట కలిపి, వీధులకి కావలసింది అందరి నుంచీ వాటా ప్రకారం తీసి, మిగిలింది సరైన ఆకారంలో మళ్లీ పంచాలన్నాడు. వీధుల ఖర్చు కూడా లాభం పొందేవాళ్లే భరించాలన్నాడు. ల్యాండ్ పూలింగ్ అనే మాట వార్తల్లో విని పెరిగిన మనకి ఇది కొత్తగా అనిపించదు. 1860లలో మాత్రం కొత్తే.

1867లో నగర నిర్మాణం మీద ఆయన పెద్ద గ్రంథం రెండు సంపుటాలుగా వచ్చింది. నగరాలు ఎలా పుడతాయి, ఎలా పెరుగుతాయి అన్నదాన్ని ఒక సైన్స్‌లా రాయాలని ప్రయత్నం. కార్మికుల మీద చేసిన పరిశీలన కూడా అందులోనే అచ్చయింది. రాస్తున్నప్పుడు ఒక ఇబ్బంది వచ్చింది. తను చెప్తున్న విషయానికి పేరే లేదు. నగరం ఉంది, ఇళ్లు ఉన్నాయి, వీధులు ఉన్నాయి, కానీ ఇవన్నీ కలిపి జరిగే ప్రక్రియకి మాట లేదు. దాంతో లాటిన్ మూలం తీసుకుని ఒక మాట తయారుచేశాడు. ఉర్బనిసాసియోన్. ఇంగ్లీషులో అర్బనైజేషన్. మన పాఠ్యపుస్తకాల్లో పట్టణీకరణ. మొదట్లో చెప్తానన్న మాట ఇదే. ఇంటర్ వరకూ నేను చదివింది ఇంగ్లీష్ మీడియం, కాబట్టి నాకు మొదట తెలిసింది అర్బనైజేషనే. పట్టణీకరణ అనే మాట ఈ క్లబ్బులో చేరాక అలవాటైంది. ఏ భాషలో అన్నా దాని వెనక మిల్లు కూలీల అద్దె లెక్కలు రాసుకుంటున్న ఒక మనిషి ఉన్నాడు.

ఇంతలో ఇల్లు చెదిరిపోయింది. భార్యాభర్తలు విడిపోయారు. నలుగురు కూతుళ్లు. చిన్నమ్మాయి క్లోతిల్దే తర్వాత ఎస్మెరాల్దా సెర్వాంతెస్ అనే పేరుతో హార్ప్ వాయించి చాలా దేశాల్లో పేరు తెచ్చుకుంది. సెర్దా మాత్రం పని తప్ప ఇంకేం పట్టని మనిషిగా మిగిలిపోయాడు. ప్లాన్ కోసం, సర్వేల కోసం, పుస్తకాల కోసం వారసత్వంగా వచ్చిన ఆస్తి కరిగిపోయింది. చేసిన పనికి రావలసిన డబ్బు గురించి అడుగుతూనే ఉన్నాడు. అటు మాడ్రిడ్ ప్రభుత్వం గానీ ఇటు బార్సిలోనా నగరం గానీ సరిగ్గా ఇవ్వలేదు.

1868లో విప్లవం వచ్చి రాణి దేశం వదిలి వెళ్లిపోయింది. ఆ మరుసటి ఏడాది ఊరి పక్కన ఉన్న ఆ పాత సైనిక దుర్గాన్ని నగరానికి ఇచ్చేశారు. ఇప్పుడక్కడ పార్కు ఉంది. 1873లో స్పెయిన్ కొద్దికాలం గణతంత్రం అయ్యింది. సెర్దా గణతంత్రవాది, ఆ రోజుల్లో బార్సిలోనా ప్రాంతీయ మండలిలో ఉపాధ్యక్షుడిగా బాధ్యతలు మోశాడు. 1874 మొదట్లోనే సైనిక కుట్రతో అదీ ముగిసింది. ఆరోగ్యం చెడిపోయింది. స్పెయిన్ ఉత్తరాన, సాంతాందేర్ దగ్గర కాల్దాస్ దే బెసాయా అనే వేడినీటి బుగ్గల ఊరికి వెళ్లాడు. అక్కడే 1876 ఆగస్టు 21న చనిపోయాడు. వయసు 60. చేతిలో డబ్బు లేదు, ఊళ్లో పేరు కూడా లేదు.

చనిపోయాక కూడా తిట్లు ఆగలేదు. తర్వాతి తరం ఆర్కిటెక్టుల్లో పెద్ద పేరున్న పుయిగ్ ఇ కాదాఫాల్క్ ఈ చతురస్రాలని అసహ్యించుకున్నాడు. ఊరిని డబ్బాల వరసలా చేశారని విమర్శ. తమాషా ఏంటంటే, ఆయన కట్టిన ప్రసిద్ధమైన కాసా అమాయేర్ ఉన్నది ఎషాంప్లలోనే. గౌడీ కట్టిన సగ్రదా ఫమీలియా చర్చి సెర్దా గీసిన ఒక బ్లాకులో ఉంది. ఆయనదే అలలు అలలుగా ఉండే కాసా మిలా సెర్దా కోసిన ఒక మూల మీద ఉంది. టూరిస్టులు ఆ భవనాలని ఫోటో తీసుకుంటారు. మొత్తం భవనం ఫ్రేములో పట్టేంత చోటు ఎదురుగా ఉందంటే, ఆ చోటు ఎవరు వదిలారో చాలామందికి తెలియదు.

మన సెమినార్లలో ఒక మాట ఎక్కువగా వినిపిస్తుంది, స్కేలబుల్ అని. ఆయన గీసినప్పుడు ఊళ్లో రెండు లక్షల మంది కూడా లేరు. ఇప్పుడు బార్సిలోనా నగర పరిధిలోనే 16 లక్షలకు పైగా ఉన్నారు. గుర్రపు బండ్లు పోయి ట్రాములు, ట్రాములు తగ్గి కార్లు, భూమి కింద మెట్రో, ఇన్ని వచ్చినా ఆ 20 మీటర్ల వీధి ఇంకా పనిచేస్తోంది.  కోసిన మూలల్లో పార్కింగ్, సరుకు దించే లారీలు. వాహనాల పొగ, మోత ఇప్పుడు అక్కడ పెద్ద ఆరోగ్య సమస్య. కలరా పోయి పొగ వచ్చింది.

అందుకే 2016 నుంచి ఆ నగరం సూపర్ బ్లాక్ అనే ప్రయోగం చేస్తోంది. మూడు బ్లాకులు ఇటు, మూడు బ్లాకులు అటు, మొత్తం తొమ్మిది కలిపి ఒక యూనిట్. బయటి నుంచి వచ్చే వాహనాలు దాని చుట్టూ తిరిగి వెళ్లాలి. లోపలి వీధుల్లో పిల్లలు ఆడుకోవచ్చు, పెద్దవాళ్లు బెంచీల మీద కూర్చోవచ్చు. దాని భుజం 400 మీటర్లు. పైన వేసిన కూడికే ఇది. కొన్ని బ్లాకుల లోపలి గోడౌన్లు ఖాళీ చేయించి మళ్లీ తోటలు చేసే పని దీనికంటే ముందే మొదలైంది. దీన్ని కూడా ఒప్పుకోనివాళ్లు అక్కడ ఉన్నారు, గొడవలు, కోర్టు కేసులు నడిచాయి. కానీ 160 ఏళ్ల తర్వాత మళ్లీ సెర్దా డ్రాయింగ్ తీసి చూస్తున్నారన్నది నిజం. వీధులు సరిగ్గా వేసి ఉండటం వల్లే అది సాధ్యమవుతోంది. పోయిన తోటని ఖర్చుపెట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. వీధి వెడల్పు మాత్రం మొదటి రోజే నిర్ణయమైపోతుంది, తర్వాత పెంచాలంటే ఎవరో ఒకరి ఇల్లు కూలాలి. ఆయన పాత ఊరి గుండా వేయాలనుకున్న మూడు పెద్ద దారుల్లో ఒకటే అమలైంది. 1908లో మొదలుపెట్టి వేసిన ఆ ఒక్కదానికే ఎన్నో వీధులు, ఇళ్లు నేలమట్టం అయ్యాయి.

గ్రాసియా పేటలో రోవిరా పేరుతో చిన్న కూడలి ఉంది. అక్కడ బెంచీ మీద ఆయన కంచు విగ్రహం తీరిగ్గా కూర్చుని ఉంటుంది. కాళ్ల దగ్గర నేలమీద ఎప్పటికీ అమలుకాని ఆయన ప్లాన్. జనం వచ్చి పక్కన కూర్చుని ఫోటోలు దిగుతారు. సెర్దా పేరుతో కూడా ఒక కూడలి ఉంది, ఊరి అంచున. రోజంతా కార్లు తిరిగే పెద్ద ట్రాఫిక్ జంక్షన్ అది. కాసేపు కూర్చోవాలనిపించే చోటు కాదు. ఆయన పక్కన కూర్చోవాలనుకునేవాళ్లు ఎషాంప్లలో ఏ వీధికైనా వెళ్లొచ్చు. కోసిన ఏ మూల దగ్గరైనా, ఎండ పడే ఏ బెంచీ అయినా సరిపోతుంది.